ఒక్క పత్తి కాయ, రెండేళ్ల బైపీసీ

(హనుమకొండలో ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక గోడకు ఆనుకున్నవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. నా గొంతు పెద్దదే గాని, నేను చూపించబోయేది చాలా చిన్నది.

ఇదిగో, నా చేతిలో ఉన్నది ఏమిటి? పత్తి కాయ. నిన్న సాయంత్రం పరకాల దారిలో ఒక చేను దగ్గర ఆగి, రైతును అడిగి నాలుగు కొమ్మలు తెచ్చుకున్నాను. 'ఎందుకు సార్, పురుగుకు మందేమైనా చెబుతారా' అన్నాడాయన. లేదయ్యా, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పాలి అన్నాను. 'పత్తి కాయతో చెప్పే పాఠం కూడా ఉంటుందా' అని నవ్వాడు.

సరే, చేతులెత్తండి. ఎంతమంది ఇళ్లలో పత్తి వేస్తారు? సగానికి పైనే ఉన్నారు. ఎంతమంది స్వయంగా పత్తి ఏరారు? మళ్లీ అవే చేతులు. పెంకు మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న. సూక్ష్మదర్శిని లేకుండా, ఉత్త కంటితో, మొక్క కణాన్ని చూసినవాళ్లు ఎంతమంది?

ఒక్క చెయ్యీ లేవలేదు. అంటే ఇక్కడున్న సగం మంది అబద్ధం చెబుతున్నారన్నమాట. అబద్ధమని మీకే తెలియదు, అంతే.

చూడండి, ఈ గింజ నుంచి ఒక్క పోగు లాగుతున్నాను. జాగ్రత్తగా, ఒక్కటే. నల్ల కాగితం మీద పెడుతున్నాను. ముందు వరుస వాళ్లకు కనబడుతున్నదా? మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ ఉంటుంది. ఇది ఎన్ని కణాలు? ఒకరు వెయ్యి అంటున్నారు. ఇంకొకరు లక్ష. ఆ అమ్మాయి ఏమన్నది? ఒకటా? మళ్లీ చెప్పమ్మా, అందరికీ వినబడేలా చెప్పు.

ఒకటి. ఈ పోగు మొత్తం ఒక్క కణం.

అతి పెద్ద కణం ఏది అంటే ఉష్ట్రపక్షి గుడ్డు అని మీరంతా ఒక్క గొంతుతో చెబుతారు. ప్రవేశ పరీక్షల్లో కూడా అదే పెడతారు. ఉష్ట్రపక్షిని మీలో ఎవరు చూశారు? దాని గుడ్డును ఎవరు చూశారు? చూడనిది నోటికి వచ్చింది, రోజూ ఒడిలో వేసుకున్నది రాలేదు. మిమ్మల్ని అనడం లేదు. నా సంగతి వినండి. మా నాన్న పత్తి రైతు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన ఇల్లు మాది, ఆ బస్తాల మీదే పడుకుని నిద్రపోయినవాణ్ణి. తర్వాత ఎమ్మెస్సీ చదివాను, ఉద్యోగంలో చేరాను, బోర్డు మీద కణం బొమ్మ వేసీ వేసీ సుద్దముక్కలు అరగదీశాను. ఆ బొమ్మ మీకు తెలుసు కదా, ఒక గుండ్రటి గీత, మధ్యలో చుక్క. ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట తరగతిలో ఒక అమ్మాయి లేచి 'సార్, దూది పోగులో ఎన్ని కణాలుంటాయి' అని అడిగింది. చాలా ఉంటాయమ్మా, కూర్చో అన్నాను. ఆ రాత్రి అనుమానం వచ్చి పుస్తకం తీస్తే, ఉన్నది ఒక్కటే. మరునాడు వెళ్లి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి ఆ రోజు రాలేదు, పత్తి ఏరడానికి పోయింది. అది మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను.

ఇంతకీ ఈ కణం ఎక్కడిది? పువ్వు లోపల అండాశయం, అండాశయంలో అండాలు, అంటే రేపటి గింజలు. అండం పైపొర, మన భాషలో బాహ్యచర్మం. ఆ పొరలోని కొన్ని కణాలు పువ్వు విచ్చిన రోజే బయటికి ఉబ్బడం మొదలుపెడతాయి. అన్నీ కావు, కొన్నే. ఒక్క గింజ మీద పదివేలకు పైగా. ఒక్కొక్కటీ విడిగా, పక్కదానితో సంబంధం లేకుండా సాగుతూ పోతుంది. దీని వెడల్పు మిల్లీమీటరులో సుమారు అరవయ్యో వంతు. పొడవు దానికి సుమారు పదిహేడు వందల రెట్లు. అడుగున్నర వెడల్పున్న మనిషి అదే లెక్కన పెరిగితే దాదాపు ఎనిమిది వందల మీటర్ల పొడవుంటాడు. అలాంటి బక్కమనిషిని ఊహించుకోండి.

కణం ఎలా సాగుతుంది

ఇప్పుడు ద్రవాభిసరణ అంటే ఏమిటి? ఎవరైనా చెప్పండి. 'అర్ధపారగమ్య త్వచం గుండా ద్రావణి అణువులు...' చాలు, చాలు, చాలా బాగా వచ్చింది. రెండు మార్కులు ఖాయం. ఇప్పుడు ఇంట్లోకి రండి. ఎండాకాలం ఆవకాయ పెడతారు కదా. మామిడి ముక్కలు తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పు, కారం, ఆవపిండి కలిపి జాడీకి ఎత్తుతారు. చుక్క నీళ్లు తగలనివ్వరు. మీ నాయనమ్మ తడి చేతితో జాడీ ముట్టుకుంటే ఊరుకుంటుందా? ఊరుకోదు. మరి మూడో రోజు మూత తీస్తే ఊట ఎక్కడిది? ఎవరు పోశారు?

ముక్కల్లోంచే వచ్చింది. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. నీళ్లు త్వచం, అంటే కణం చుట్టూ ఉన్న సన్నటి పొర, దాటి బయటికి వచ్చాయి. వాన లేని రోజుల్లో మొక్క మొదట్లోనే గుప్పెడు యూరియా పోస్తే ఆకులు వాడి అంచులు మాడతాయి, చూశారా? అదీ ఆవకాయే. వేరును ఊరబెట్టారు.

ఇప్పుడు దీన్నే తిప్పి చూడండి. ఉప్పు బయట గాక లోపల ఉంటే? ఈ పత్తి కణం చేసే పని అదే. తనలోకి పొటాషియం చేర్చుకుంటుంది, చక్కెర చేర్చుకుంటుంది, మాలిక్ ఆమ్లం చేర్చుకుంటుంది. లోపల చిక్కబడేకొద్దీ నీళ్లు వాటంతట అవే లోపలికి వస్తాయి. మధ్యలో రిక్తిక, అంటే కణంలోని నీటి సంచి, ఉబ్బుతుంది, ఉబ్బి గోడను నెడుతుంది. పుస్తకంలో స్ఫీత పీడనం అని ఒక మాట ఉంటుంది కదా, సైకిల్ ట్యూబులో గాలి చేసే పని ఇక్కడ నీళ్లు చేస్తాయి. కాయ దశలో పొటాష్ వేయమని వ్యవసాయ అధికారి చెబితే 'కాయ బరువుకు' అనుకుంటారు. పోగు పొడవుకు కూడా అని ఇంటికి వెళ్లి మీరు చెప్పండి.

ఒక అనుమానం రావాలి మీకు. వచ్చిందా? నీళ్లతో ఉబ్బితే బుడగలా గుండ్రంగా ఉబ్బాలి కదా, పొడవుగా ఎందుకు సాగింది? గోడలోని సెల్యులోజ్ పీచులు కణం చుట్టూ అడ్డంగా చుట్టుకుని ఉంటాయి, పీపాకు ఇనుప పట్టీలు బిగించినట్టు. పక్కకు ఉబ్బనివ్వవు. ఇక పోవడానికి మిగిలిన దారి పొడవే.

ఇంకొక సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మొక్క కణాలకు మధ్య సన్నటి దారులుంటాయి, ప్లాస్మోడెస్మాటా అని చదువుకున్నారు. ఒక్క మార్కు ప్రశ్న. ఈ దారులు తెరిచి ఉంటే లోపల చేర్చుకున్న చక్కెర పక్క కణంలోకి జారిపోతుంది, ఒత్తిడి నిలవదు. అందుకని పోగు బాగా జోరుగా సాగే రోజుల్లో కణం ఆ దారులను మూసేసుకుంటుంది. పని కాగానే మళ్లీ తెరుస్తుంది. మనం కాకతీయుల చెరువుల కింద బతికినవాళ్లం, మనకు ఇది వేరే చెప్పాలా? చెరువు నిండాలంటే తూము మూయాలి. ఒక పోగుకు, మిల్లీమీటరులో అరవయ్యో వంతు వెడల్పున్న పోగుకు, తూము ఎప్పుడు మూయాలో ఎప్పుడు తీయాలో తెలుసు.

ఇరవై రోజులు అలా సాగుతుంది. మూడు సెంటీమీటర్లను ఇరవైతో భాగించండి. రోజుకు ఒకటిన్నర మిల్లీమీటరు, ఒక్క కణం. ఆ తర్వాత పొడవు ఆగిపోతుంది, లోపలి వైపు సెల్యులోజ్ పొరలు పరుచుకోవడం మొదలవుతుంది. పొర మీద పొర. ఈ దశలో వాన ముఖం చాటేసినా, ఆకు ఎర్రబడి రాలినా గోడ పలచగా మిగులుతుంది. జిన్నింగ్ మిల్లులో మైక్రోనేర్ అని కొలుస్తారే, అది ఈ గోడ సంగతే.

సెల్యులోజ్ దగ్గర ఎక్కువసేపు ఆగను. ఒక్క మాట. మీరు పొద్దున తిన్న అన్నం గ్లూకోజ్ గొలుసు. మీరు వేసుకున్న నూలు అంగీ కూడా గ్లూకోజ్ గొలుసే. అన్నంలో కడియాలు ఒక తీరుగా తగిలించి ఉంటాయి, అంగీలో ఇంకొక తీరుగా. ఆల్ఫా, బీటా అని మీరు బట్టీ పట్టే తేడా అదే. మన ఎంజైమ్‌కు మొదటి కొక్కెం విప్పడం వచ్చు, రెండోది రాదు. గేదెకు వస్తుందా? గేదెకూ రాదు. గేదె పొట్టలో ఉన్న సూక్ష్మజీవులకు వస్తుంది. పేరు గేదెది, పని వాటిది.

ఇంకొకటి, కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు చూశారు కదా? పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. అంతకు మించితే కోత. 12 దాటితే తీసుకోరు. మంచు పడిన పొద్దున ఏరిన పత్తికి ఎందుకంత తేమ? సెల్యులోజ్ గొలుసు పొడవునా హైడ్రాక్సిల్ గుంపులుంటాయి, అవి నీటి అణువును హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటాయి. మీ నాన్న మార్కెట్‌లో నాలుగు గంటలు ఎండబెట్టేది ఆ బంధాలు విడిపోవాలనే. రసాయనశాస్త్రం సార్ ఇక్కడే ఉన్నారు, ఆయన తల ఊపుతున్నారు, కాబట్టి నేను చెప్పింది తప్పు కాదు.

పువ్వు విచ్చిన నలభై అయిదు, యాభై రోజులకు కాయ పగులుతుంది. అప్పటికి ఈ కణం చచ్చిపోయి ఉంటుంది. లోపలి నీరు ఆరిపోయి, గుండ్రటి గొట్టం చదునుగా అణిగి, మెలిక తిరుగుతుంది. ఆ మెలికలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే నూలు వడకగలుగుతున్నాం. బూరుగు దూది ఎంత మెత్తగా ఉన్నా దిండుకే పనికొస్తుంది, దారం తీద్దామంటే జారిపోతుంది. ఎందుకు? దాని పోగుకు మెలిక లేదు, నున్నగా ఉంటుంది. పైగా అది గింజ మీద పుట్టదు, కాయ లోపలి గోడ మీద పుడుతుంది. వరంగల్ జంపఖానాల్లో నూలు, మన ఆజంజాహీ మిల్లులో ఒకప్పుడు వడికిన నూలు, అన్నిటికీ మూలం ఒక చచ్చిన కణం తిరిగిన మెలిక. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి కణమని పేరు పెట్టినవి కూడా చచ్చిన గోడలే కదా. ఆయనకు సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది.

గింజలో ఎవరి వాటా ఎంత

ఇప్పుడు కొంచెం కష్టమైన చోటికి పోదాం. నిద్ర వచ్చేవాళ్లు లేచి నీళ్లు తాగి రండి.

పత్తి పువ్వు మొదటి రోజు ఏ రంగులో ఉంటుంది? పాలమీగడ రంగు. మరునాడు? గులాబీ. పొలంలో ఒకే మొక్కకు రెండు రంగుల పూలు కనబడితే రెండు రకాలనుకోకండి, ఒకటి ఇవాళ్టిది, ఒకటి నిన్నటిది. ఆ మీగడ రంగు రోజునే పరాగసంపర్కం జరుగుతుంది, ఫలదీకరణకు దారి పడుతుంది. పోగు పుట్టేదీ ఆ రోజే.

నా ప్రశ్న. గింజ మీది పోగు తల్లిదా, బిడ్డదా?

ఆలోచించండి. లోపలి పిండం తల్లి అండకణం, తండ్రి పుప్పొడి కలిసి పుట్టింది. అది బిడ్డ. కాని పోగు ఎక్కడి నుంచి వచ్చిందని చెప్పాను? అండం పైపొర నుంచి. ఆ పైపొర ఎవరిది? ఫలదీకరణకు ముందే ఉంది. తల్లిది. అంటే బిడ్డ లోపల ఉంది, ఒంటి మీది చొక్కా తల్లి కుట్టింది. చొక్కా చూసి బిడ్డ ఎలాంటిదో చెప్పలేం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీ ఇంట్లో ప్రతి ఏడాదీ జరిగే ఒక గొడవకు జవాబు దొరుకుతుంది.

ఏమిటా గొడవ? 'ఇంత మంచి పత్తి పండింది, ఇంట్లో ఇన్ని గింజలున్నాయి, మళ్లీ ప్యాకెట్ ఎందుకు కొనాలి?' మా మేనమామ ఇదే అన్నాడు. నేను అప్పటికే ఉద్యోగంలో ఉన్నాను, వద్దు మామా అన్నాను. 'నీకు పుస్తకాల పత్తి తెలుసు, నాకు చేని పత్తి తెలుసు' అన్నాడు. వేశాడు. ఒక మొక్క నడుము దాకా, ఒకటి మోకాలి దాకా, ఒకటి దసరాకే పగిలింది, ఒకటి సంక్రాంతికీ పగలలేదు. పొడుగు పోగు, పొట్టి పోగు కలిసిపోయి, కొనేవాడు పెదవి విరిచాడు.

ఏం జరిగింది? ప్యాకెట్‌లో కొన్నది సంకర విత్తనం. రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపి తీసినది, ఎఫ్1. పత్తిలో వాణిజ్యపరంగా మొదటి సంకరం మన దేశంలోనే వచ్చింది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4. మన రాష్ట్రంలో గద్వాల వైపు వెళ్తే ఈ విత్తనాలు తీసే చేలు కనబడతాయి. సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు గిల్లేస్తారు, పొద్దున వేరే మొక్క పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి రాస్తారు. వాళ్లు 'క్రాసింగ్' అంటారు, మీ పుస్తకంలో విపుంసీకరణ. ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్కసారి, చేతితో. ప్యాకెట్ ధరలో ఆ వేళ్ల పని ఉంది.

ఎఫ్1 మొక్కలన్నీ ఒకే తీరు. చేనంతా ఒకే ఎత్తు, పోగంతా ఒకే పొడవు. ఎందుకంటే పోగు ఆ ఎఫ్1 మొక్కదే, తల్లి కుట్టిన చొక్కా. కాని కాయలోని గింజలో కూర్చున్నది ఎవరు? ఎఫ్1 కన్న పిల్లలు, ఎఫ్2. చొక్కాలన్నీ ఒకటే, లోపల పిల్లలు మాత్రం తలా ఒక తీరు. మామ చొక్కాలు చూసి పిల్లలను నాటాడు. 1866లో అచ్చయిన మెండెల్ వ్యాసంలో బఠానీలు ఎఫ్2లో ఎలా విడిపోయాయో, మామ మూడెకరాల్లో పత్తి అలా విడిపోయింది. నిష్పత్తి లెక్క పెట్టుకునే ఓపిక ఆయనకు లేదు, పాపం.

ఇదే లెక్కలో ఇంకొక మెట్టు దిగుదాం. పురుగును చంపే బీటీ జన్యువు సంకరంలో సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తుంది. అంటే ఎఫ్1లో ఒక్క ప్రతి. ఆ మొక్క తన పుప్పొడితో తానే గింజ కడితే? కాయలోని గింజల్లో నాలుగింట మూడు వంతుల్లో బీటీ ఉంటుంది, ఒక వంతులో ఉండదు. ఆకులో విషం ఉంది, కొమ్మలో ఉంది, కాయ పెంకులో ఉంది, నాలుగో గింజలో లేదు. గులాబీ రంగు పురుగు ఏం తింటుంది? ఆకు తినదు. కాయలోకి దూరి గింజ తింటుంది. ఈ సంగతి పక్కన పెట్టుకోండి, మళ్లీ అక్కడికి వస్తాం.

అసలు బీటీ అంటే ఏమిటి? బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చచ్చిపోతుంటే ఇషివతా అనే శాస్త్రవేత్త కారణం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ పిండి పురుగులో మళ్లీ కనుక్కున్నాడు. దొరికిన చోటు తురింజియా, అందుకే ఆ పేరు. గమనించారా, మొదట దొరికింది పట్టుపురుగులో. పట్టుపురుగూ గొంగళే, కాయతొలుచు పురుగూ గొంగళే. బీటీకి మన మంచి చెడ్డలతో పని లేదు.

ఈ బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ పేరు క్రై. ఇది విషం కాదు, విషం కాగల ప్రోటీన్. గొంగళి పేగులో క్షారగుణం ఉంటుంది, పీహెచ్ తొమ్మిది పైన. అక్కడ ఇది కరుగుతుంది, ఎంజైములు దీన్ని కోసి చురుకు పుట్టిస్తాయి. మన జీర్ణాశయం ఆమ్లం, ఈ ప్రోటీన్ అతుక్కునే గ్రాహకాలు కూడా మన పేగులో లేవు. ఇక చురుకైన క్రై ఏం చేస్తుంది? పురుగు పేగు కణాల మీద తనకు సరిపోయే గ్రాహకాన్ని పట్టుకుని త్వచంలో రంధ్రం చేస్తుంది. రంధ్రం పడితే కణం ఎందుకు చావాలి?

చెప్పండి. ఎవరో గొణుగుతున్నారు, గట్టిగా చెప్పు నాయనా. నీళ్లు! నీళ్లు లోపలికి వస్తాయి, కణం ఉబ్బి పగిలిపోతుంది. ఆవకాయ జాడీలో చూసిందే, పోగు సాగడంలో చూసిందే. అదే ద్రవాభిసరణ. పత్తి కణానికి గోడ ఉంది, కాబట్టి ఉబ్బి సాగింది. పురుగు కణానికి గోడ లేదు, కాబట్టి ఉబ్బి పగిలింది. మొక్క కణానికీ జంతు కణానికీ భేదాలు రాయండి అని ఎనిమిది మార్కులకు పట్టిక గీస్తారు కదా. ఆ పట్టికలో మొదటి వరుస ఒక్కటి చాలు, ఒకే కాయలో ఒకటి పత్తి అయింది, ఇంకొకటి చచ్చిన పురుగు అయింది.

అన్ని పురుగులూ చావవు. తెల్లదోమకు, పచ్చదోమకు, తామర పురుగుకు ఈ క్రై ప్రోటీన్ వర్తించదు. బీటీ వేశాం కదా, ఇంకా మందు ఎందుకు కొట్టాలి అని అడిగేవాళ్లకు జవాబు ఇది.

1997, 98లో ఈ జిల్లాలో ఏం జరిగిందో మీరు పుట్టకముందు సంగతి. ఇళ్లలో అడగండి, నెమ్మదిగా అడగండి. పత్తి పురుగు మందుకు లొంగలేదు, పంట పోయింది, అప్పు మిగిలింది, రైతులు అవే మందులు తాగారు. నా తరగతిలో తండ్రి లేని పిల్లలు ఆ తర్వాతి ఏళ్లలో పెరిగారు. హాజరు పిలుస్తుంటే తెలిసేది.

అప్పుడు ఊళ్లో అందరూ అన్న మాట, ఇప్పటికీ అనే మాట: 'పురుగు మందుకు అలవాటు పడింది.' ఈ మాట తప్పు. నేను మీ జవాబు పత్రంలో చూస్తే సున్నా వేస్తాను. ఏ పురుగూ అలవాటు పడదు. మందు పడ్డ పురుగు చస్తుంది, అంతే. కాని లక్ష పురుగుల్లో ఒకటో రెండో పుట్టుకతోనే తేడాగా ఉంటాయి. మందు వచ్చాక తేడా పుట్టలేదు, మందుకు ముందే ఉంది. మందు చేసిందల్లా మిగతా వాటిని ఏరేయడం. మీ అమ్మ బియ్యంలో రాళ్లు ఏరితే బియ్యం మారుతుందా? చాటలో మిగిలింది మారుతుంది. డార్విన్ ప్రకృతివరణం అన్నది ఇదే. ఇక్కడ చాట పట్టుకున్నది మనం.

2002లో బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువుల బీటీ. శనగపచ్చ పురుగు తగ్గింది, మందు కొట్టడం తగ్గింది, నేను కాదనను. కాని 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి జన్యువును తట్టుకుంటున్నదని బయటపడింది. తర్వాత రెండోదాన్నీ. 2017 నాటికి మన చేలలోనూ గుడ్డి పూలు కనబడ్డాయి. రేకులు విచ్చకుండా ముడుచుకుపోయి, లోపల పురుగు. మీరు చూసే ఉంటారు.

ఒక పురుగు లొంగింది, ఇంకొకటి లొంగలేదు, ఎందుకు? శనగపచ్చ పురుగు కంది తింటుంది, శనగ తింటుంది, మిరప తింటుంది, టమాటా తింటుంది. బీటీ చేను పక్కన బీటీ లేని తిండి దానికి ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తి ఒక్కటే తిండి. పత్తి అంతా బీటీ అయితే తట్టుకున్నవే మిగులుతాయి, వాటికి పెళ్లి సంబంధాలు కూడా వాటిలోనే. దానికి తోడు పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా చేలోనే ఉంచితే పురుగుకు ఇంకొక కాన్పు. నాలుగో గింజ సంగతి కూడా గుర్తుంది కదా? కాయలోనే విషమున్న గింజ, లేని గింజ కలిసి ఉండటం దీనికి తోడ్పడిందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు, అందరూ ఒప్పుకోరు. నేను ఆ ఒక్కదాని మీదే నెపం వేయను.

ఇప్పుడు చెప్పండి, బీటీ డబ్బాలో 450 గ్రాముల విత్తనంతో పాటు ఇంకొక చిన్న ప్యాకెట్ వచ్చేది. 120 గ్రాములు, బీటీ లేనిది. అది మీ ఇంట్లో ఏమైంది? నవ్వుతున్నారు. గట్టు మీద పడేశారా? మా ఇంట్లో కూడా అంతే. 'పురుగు పట్టే విత్తనం ఎవడు వేస్తాడు' అన్నారు.

దాని వెనక ఉన్నది శుద్ధ మెండెల్. తట్టుకునే గుణం ఎక్కువగా అంతర్గతం. రెండు ప్రతులూ ఉంటేనే పురుగు బతుకుతుంది. బీటీ చేలో బతికిన ఒక్క పురుగుకు జోడీగా, చుట్టూ వేసిన మామూలు పత్తిలో పుట్టిన మామూలు పురుగు దొరికితే? పిల్లలన్నిటికీ ఒక్కొక్క ప్రతే. బీటీ తింటే చస్తాయి. ఆ చిన్న ప్యాకెట్ పని అది, తట్టుకునే పురుగుకు మామూలు సంబంధం కుదర్చడం. అమెరికాలో ఆ ప్యాకెట్ నియమం పాటించారు, తర్వాత పిల్లలు పుట్టని రెక్కల పురుగులను విమానాలతో వదిలారు, 2018లో గులాబీ రంగు పురుగు తమ పత్తి చేలలో లేకుండా పోయిందని ప్రకటించారు. అదే పురుగు, అదే జన్యువు. రైతును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మూడెకరాలున్నవాడికి అయిదు వరుసలు పురుగుకు వదలమని చెప్పాలంటే కారణం కూడా చెప్పాలి. కారణం బైపీసీ రెండో ఏడాది పుస్తకంలో ఉంది, ప్యాకెట్ ఆయన చేతిలో ఉంది. మధ్యలో ఇంట్లోనే మీరున్నారు, మీకు చదువు చెప్పిన నేనున్నాను. నేను ఒక్క రైతుకైనా చెప్పలేదు.

ప్రశ్నలు తర్వాత అడుగుదురు గాని, ముందు లేవండి. ఆ బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టాను. మొదటి సంవత్సరం వాళ్లు ముందు, ఒక్కొక్కరే. స్క్రూ ఎవరూ ముట్టుకోవద్దు, ఒకరు తిప్పితే తర్వాతి పదిమందికి ఏమీ కనబడదు. నీటి చుక్కలో ఒక్క పోగు ఉంది, మెలికలు తిరిగిన పట్టీలా. బాగా చూడండి. ఆ తర్వాత నేను పక్క నుంచి ఒక చుక్క కాస్టిక్ సోడా వేస్తాను. ఆ సీసా జోలికి మాత్రం రావద్దు, చెయ్యి కాలుతుంది. చుక్క తగలగానే పోగు ఉబ్బుతుంది, మెలికలు విప్పుకుంటూ గిర్రున తిరుగుతుంది. అది చచ్చి నెల దాటింది, అయినా తిరుగుతుంది. ఎందుకు తిరిగిందో చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పకండి, వాళ్ల వంతు రానివ్వండి. రా అమ్మా, నువ్వే ముందు. ఒక కన్ను మూసుకో.